అది గిటారే అన్నడు మెకానిక్

గా పత్తికట్టె ఇంకో రెండు మంటల ఏయిరా, చలి బాగనే ఉన్నది. ఇందాక నీ సెల్లుల పెట్టినవు చూడు, అమెరికాయన బ్లూస్ గిటారు, తీగెను పక్కకు గుంజి గుంజి ఏడిపిస్తడు చూడు, గది ఇన్నంక నాకు మా పాత పంచాయితీ యాదికొచ్చింది. ఊరి పంచాయితీ కాదు, మండోలిన్ శ్రీనివాస్ పంచాయితీ.

గప్పుడు మాది నిజామాబాద్ జిల్లా. మా పెద్దకొడప్‌గల్ మండలం అయింది మొన్న, 2016 ల. రోడ్డు మీదికెళ్లి నాందేడ్ లారీలు పోతుండె. దెగ్లూర్ దిక్కు పోతె మరాఠీ, జుక్కల్ దాటితె కన్నడం, ఇంట్ల తెలుగు, అంగడిల ఉర్దూ. మా చెవులకు అన్ని అలవాటే. మరాఠోళ్ల తమాషా ఢోల్కీ ఇంటుంటిమి, చిరుతల భజన చేస్తుంటిమి, రేడియో సిలోన్ల హిందీ పాటలకు చెవులు కోసుకుంటుంటిమి. కర్ణాటక సంగీతమంటె మటుకు, నిజం చెప్పాలె, రేడియో బందు పెడుతుంటిమి. గది మనది కాదన్నట్టు ఉంటుండె.

మా ఊర్ల గోదావరి దిక్కుకెళ్లి నౌకరీకొచ్చిన బడిసారు ఒకాయన ఉంటుండె. హైదరాబాద్ పోయే లారీ డ్రైవర్‌కు పైసలిచ్చి శ్రీనివాస్ క్యాసెట్ ఒకటి తెప్పిచ్చుకున్నడు. రేడియో మెకానిక్ భాయ్ దుకాణంల పెద్ద టేప్‌రికార్డర్ ఉంటుండె, గండ్ల పెట్టిచ్చిండు. "మా పాలకొల్లు కుర్రాడండీ, వాయించేది మండోలినండీ" అని మురిసిపోయిండు. భాయ్ కండ్లు మూసి కొంచెంసేపు ఇన్నడు. ఇని, "యే మండోలిన్ నహీ సాబ్, గిటార్ హై" అన్నడు. గంతే, షురూ. ఆ చలికాలం అంత మంట కాడ గదే లొల్లి.

భాయ్‌కి గిటారంటె పానం. "దమ్ మారో దమ్"ల గిటారు వాయించింది భూపిందర్ సింగ్ అని మాకు ఆయన చెప్తేనే ఎరుక. గజళ్లు పాడే భూపిందరే. గా పాట 1971 ది, దేశమంత పాడింది, గిటారు ఎవరిదని అడిగినోడు లేడు. భాయ్ మాత్రం అడుగుతుండె. సినిమా పాట ఇంటె పాడినోళ్లను ఇడిసిపెట్టి ఎనక తీగె ఎవరిదని చూసేటోడు.

ఆయన లెక్క గిట్లుండె. మామూలు మండోలిన్‌కు నాలుగు జతల తీగెలు, మొత్తం ఎనిమిది. మీటినవంటె టింగుమని మోగి సచ్చిపోతది. అందుకే గబగబ మీటుకుంట ఉండాలె. జత తీగెను గుంజుడు కష్టం, రెండు ఒక్క తీరుగ గుంజాలె, లేకుంటె శ్రుతి చెడుతది. సురాన్ని ఊపి జార్చే గమకం ఏడికెళ్లి వస్తది? గా పిలగాడు జతలు తీసేసి ఒంటి తీగెలు అయిదు పెట్టుకున్నడు. కింద అయస్కాంతానికి సన్నటి రాగితీగె చుట్టిన పికప్. ఉక్కు తీగె దాని మీద వణికితె రాగితీగెల కరెంటు పుడతది, అది ఆంప్లిఫయర్‌కు పోయి పెద్ద చప్పుడైతది. మీటిన సప్పుడు జల్ది సావదు, ఎంతసేపన్న గుంజి ఆడియ్యొచ్చు. "మరి గిటార్‌కు ఇంకేం కావాలె సాబ్?" అని భాయ్ అడిగితె సారు కాడ జవాబు లేకుండె. "పేరు మండోలిన్ కదండీ" అంటుండె పాపం.

నువ్వు జెప్పినవు గదా, గా మడ్డీ వాటర్స్ ముచ్చట. మిసిసిపీల పత్తి చేన్లల్ల కూలి చేసినోడు, 1943 ల షికాగో పోయిండని, ఆడ బార్ల లొల్లిల ఉత్త గిటారు ఇనబడక కరెంటు గిటారు పట్టిండని. జాజ్ గిటారు వాయించే చార్లీ క్రిస్టియన్ కూడ అంతే, పెద్ద బ్యాండ్ల బాకాల నడుమ గిటారు గొంతు లేవాలంటె కరెంటే దిక్కయింది. వాళ్లకు చప్పుడు కావాలె, మన పిలగానికి గమకం కావాలె. ఇద్దరు కరెంటు కాడికే పోయిండ్రు. తీగెను గుంజి ఒక సురం నుంచి ఇంకో సురానికి జారుడు వాళ్ల బ్లూస్‌ల ఉన్నది, మన త్యాగరాజ కీర్తనల ఉన్నది. లెక్క వేరు, ఏలు చేసే పని ఒక్కటే. గది సమజైనంకనే నేను కర్ణాటక సంగీతానికి రేడియో బందు పెట్టుడు మానేసిన.

శ్రీనివాస్ పుట్టింది 1969 ఫిబ్రవరి 28. నాయిన సత్యనారాయణ మండోలిన్‌ను పిలగాడు తీసి వాయిస్తుంటె చూసి, రుద్రరాజు సుబ్బరాజు గారి కాడికి పంపిండ్రు. ఆయన కర్ణాటక గాయకుడు చెంబై భాగవతార్ శిష్యుడు, ఆయనకు మండోలిన్ వాయించ రాదు. ఆయన పాడుతుంటె పిలగాడు ఇని తీగె మీద ఎక్కిస్తుండెనట. నోటి పాటకెళ్లి నేర్చిండు, అందుకే గా వాద్యం పాడినట్టు ఉంటది. 1978 ల గుడివాడ త్యాగరాజ ఉత్సవాలల్ల మొదటి కచేరీ. 1983 ల బెర్లిన్ జాజ్ ఉత్సవం. పద్నాలుగేండ్లు! మీసం రాని పిలగాడు జాజ్ ఇనేటోళ్ల ముంగట కూసోని రాగం తీసిండు. ఇంకో గంట వాయించమని జనం పట్టువట్టిండ్రట.

తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్. మైల్స్ డేవిస్ "బిచెస్ బ్రూ"ల గిటారు వాయించిన తెల్లాయన, జాజ్‌ల ఆయన్ని మించినోడు అరుదు. గా మనిషి "రిమెంబర్ శక్తి" బృందంల మన శ్రీనివాస్‌ను పక్కకు కూసుండవెట్టుకున్నడు. జాకిర్ హుస్సేన్ తబలా. శ్రీనివాస్‌కు పద్మశ్రీ 1998 ల వచ్చింది. మన దిక్కు మాత్రం "బాలమేధావి, దేవుడిచ్చిన విద్య" అని దండలేసి దండం పెట్టిండ్రు. దండం పెట్టినంక ఇంక ఇనే పనేమున్నది? కరెంటు తీగె మీద ఆయన ఏం చేసిండో కూసోని ఇన్నోళ్లు తక్కువ. జాజ్ బ్లూస్ గిటారు మొనగాండ్ల పేర్లు రాసేటోళ్లు సుత ఆయన్ని రాయరు, అది గిటారు కాదు గదా అని. రెండు దిక్కుల నష్టపోయిండు.

ఇంకో మాట. ఆ పిలగానికి ఏడేండ్లున్నప్పుడు, 1976 ల, పాశ్చాత్య సంగీతం చెవినేసింది వాసురావు అనే గిటారు వాయిద్యకారుడు. ఆయన పేరు ఎవలు తలుస్తరు? భాయ్ బతికుంటె గా పేరు కాడనే ఆగిపోతుండె, నాకెరుకే.

శ్రీనివాస్ 2014 సెప్టెంబర్ 19 నాడు చెన్నైల పోయిండు, నలభై అయిదేండ్లకే.

సరే, సెల్లు తియ్. "ది బిలీవర్" అని కొట్టు, 2000 ల వచ్చిన రిమెంబర్ శక్తి ఆల్బం. మెక్‌లాఫ్లిన్ ఒక మాట అడిగితె శ్రీనివాస్ తిరిగి జవాబు చెప్తడు. పేర్లు చూడకు. గిటారు ఏది, మండోలిన్ ఏది, ఇని చెప్పురా నాకు.