అల్లాయ్ చక్రాల మెరుపు పోతే ఏం చేయాలి? కొత్త కోటింగ్ వెనక ఏం చూడాలి?

దక్షిణ దిల్లీలో ఐఐటీకి, జేఎన్‌యూకి దగ్గర్లో ఉంటుంది కటవారియా సరాయ్. గేట్, ఐఈఎస్ లాంటి పరీక్షలకు చదువుకునే తెలుగు విద్యార్థులు చాలామంది ఇక్కడ గదులు అద్దెకు తీసుకుంటారు. ఇరుకు గల్లీల్లో బైక్‌లను గోడవారగా ఆరుబయటే నిలపాలి. వేసవి దుమ్ము, వానాకాలం బురద, చలికాలం మంచు.. అన్నిటికీ చక్రాలు తడుస్తాయి, మాసిపోతాయి. కొన్నాళ్లకు రిమ్ అంచున రంగు లేచి, తెల్లటి మచ్చలు కనిపిస్తాయి.

ఇది అందానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు.

కోటింగ్ పని ఏంటి?

అల్లాయ్ చక్రాల్లో ప్రధాన లోహం అల్యూమినియం. దానిపై ప్రైమర్ లేదా పౌడర్ కోటింగ్, ఆపై రంగు, చాలా చక్రాలకు చివరన పారదర్శకమైన క్లియర్ కోట్ ఉంటాయి. నీరు, ఉప్పు లోహాన్ని తాకకుండా ఆపేది ఈ పొరలే.

అల్యూమినియానికి ఇనుములా ఎర్రటి తుప్పు పట్టదు. రాయి తగిలి పొర లేచిన చోట తేమ చేరితే, చెదలు పాకిన దారిలా సన్నని తెల్లటి గీతలు క్లియర్ కోట్ కిందే పాకుతాయి.

ఎలా కడగాలి?

చక్రం చల్లారాకే కడగాలి. వేడి మీద నీళ్లు పోస్తే సబ్బు ఆరిపోయి మరకలు పడతాయి. ముందు నీటి ధారతో ఇసుక, మట్టి పోగొట్టి, తర్వాతే షాంపూ నీళ్లు, మెత్తటి గుడ్డ వాడాలి. బోరు నీళ్లను అలాగే ఆరనిస్తే తెల్లటి చారలు మిగులుతాయి కాబట్టి వెంటనే తుడవాలి.

బ్రేకుల నుంచి రాలే నల్లటి పొడిలో ఇనుప రేణువులుంటాయి. రోజుల తరబడి వదిలేస్తే అవి పొరలోకి అంటుకుపోతాయి.

బాత్‌రూమ్ యాసిడ్, గిన్నెలు తోమే స్టీల్ పీచు అసలు వాడొద్దు. మెరుపు కోసం డీజిల్‌తో తుడిచే అలవాటు చాలాచోట్ల ఉంది. ఆ జిడ్డుకు దుమ్ము ఇంకా ఎక్కువ పడుతుంది. టైరు రబ్బరు దెబ్బతింటుంది. డిస్క్‌కు అంటితే బ్రేకులు సరిగా పడవు.

గీతలు పడితే?

ముందు అది ఏ రకం చక్రమో తెలుసుకోవాలి. కనిపించని మూలలో మెటల్ పాలిష్‌తో కొద్దిగా రుద్ది చూడండి. గుడ్డ నల్లబడితే అది కోటింగ్ లేని అల్యూమినియం. రంగు అంటినా, శుభ్రంగానే ఉన్నా పైన పొర ఉన్నట్టే.

గోరుకు తగలని గీతలు కారు పాలిష్‌తో చాలావరకు పోతాయి. మ్యాట్ చక్రాలకు మాత్రం పాలిష్ పెట్టొద్దు, రుద్దిన చోట నిగనిగలాడే మచ్చ మిగులుతుంది.

రంగు లేచిన చోట వదులుగా ఉన్న అంచులను 400 నంబరు ఉప్పు కాగితంతో రుద్ది, జిడ్డు తుడిచి, ప్రైమర్, రంగు, క్లియర్ కోట్ పలచగా వేయాలి. తెల్లటి గీతలు పాకి ఉంటే లోహం కనిపించేదాకా పాత పొర తీయాల్సిందే. దానిపైనే స్ప్రే కొడితే కొత్త రంగు కింద కూడా అవి పాకుతూనే ఉంటాయి.

మళ్లీ పౌడర్ కోటింగ్ చేయిస్తుంటే?

ఈ పద్ధతిలో విద్యుదావేశంతో పొడి రంగును చక్రానికి పట్టించి, సాధారణంగా 180-200 డిగ్రీల సెల్సియస్ వేడిలో 10-20 నిమిషాలు కాలుస్తారు. టైరు, వాల్వ్, బేరింగులు ముందే తీయించాలి. బేరింగ్ కూర్చునే చోట, డిస్క్ బిగించే చోట పొడి పడకూడదు. అక్కడ పొర మందంగా ఉంటే బిగింపు వదులవుతుంది.

పాత రంగును ఎలా తీస్తారో తప్పక అడగండి. మంట పెట్టి కాలిస్తే, తయారీలో వేడితో ఆ లోహానికి ఇచ్చిన గట్టిదనం తగ్గిపోతుంది.

కొనే ముందు..

చదువు అయిపోయి ఊరెళ్లేవారు అమ్మే బైక్‌లను కొత్తగా వచ్చినవారు కొనడం ఇలాంటి చోట్ల మామూలే. అసలు జాగ్రత్త ఇక్కడే అవసరం. రెండు చక్రాల్లో ఒకదానికే కొత్త రంగు ఉంటే కారణం అడగండి. గుంతలో పడి వంగిన రిమ్‌ను, పగిలి వెల్డింగ్ చేసిన చోటును పుట్టీ, రంగు ఇట్టే దాచేస్తాయి.

సెంటర్ స్టాండ్ వేసి చక్రం తిప్పండి. అంచు పక్కలకు ఊగుతోందా? చువ్వలు రిమ్‌ను కలిసే చోట, లోపలి అంచున వెంట్రుకంత గీత ఏదైనా ఉందా? గాలి మాటిమాటికీ తగ్గుతోందా? వీటిలో ఏది ఉన్నా మెకానిక్‌తో టైరు విప్పించి చూడాలి. పగిలిన చక్రానికి రంగు మందు కాదు, దాన్ని మార్చాల్సిందే.