హాల్‌స్టెడ్ రోడ్డు గ్రీకుల ముచ్చట

మంట దగ్గరికి జరుగుండ్రి బిడ్డా, చెప్తా. షికాగో గ్రీక్‌టౌన్ శానా పాతదనుకుంటున్నరు గద మీరు? ఇప్పుడు మీరు చూసేది రెండోది. మొదటిది నేను చదువుకున్న కాలేజీ కింద ఉన్నది.

గ్రీకులు ఈ ఊరికి గుంపులుగ రావుడు 1890లల్ల మొదలైంది. అప్పట్ల వాళ్ళ దేశంల శానామంది రైతులు ఎండు ద్రాక్ష మీదనే బతికేది. ఫ్రాన్స్‌ల ద్రాక్ష తోటలు తెగులుతోని ఎండిపోయినన్ని రోజులు వీళ్ళ సరుకుకు మంచి ధర వచ్చింది. ఆ తోటలు మళ్ళ లేవంగనే ఫ్రాన్స్ సర్కారు సుంకం పెంచింది, 1893ల ధర కుప్పకూలింది. అప్పులు జేసి తోటలు పెట్టినోళ్ళు ఏం చేస్తరు? స్పార్టా దిక్కు ఊర్లకెళ్ళి, ఆర్కేడియా గుట్టలకెళ్ళి పడుసు పోరగాళ్ళు ఓడలెక్కిన్రు. నాలుగు పైసలు కూడబెట్టి, అక్కచెల్లెండ్ల కట్నాలకు పంపి, మళ్ళ ఇంటికి పోదామనే వచ్చిన్రు. అవును బిడ్డా, కట్నాలు వాళ్ళల్ల గూడ ఉండె.

హాల్‌స్టెడ్, హారిసన్, బ్లూ ఐలాండ్ రోడ్లు కలిసేకాడ మూడు మూలల జాగ ఉండేది. దాన్ని డెల్టా అనేటోళ్ళు. తోపుడు బండ్ల మీద పండ్లమ్మిన్రు, బూట్లకు పాలిష్ చేసిన్రు. జర నిలదొక్కుకున్నోళ్ళు మిఠాయి దుకాండ్లు, ఐస్‌క్రీం దుకాండ్లు, హోటళ్ళు పెట్టిన్రు. ఇగ కాఫీ దుకాండ్లల్ల పేకాట, రాజకీయం, పని యాడ దొరుకుతదో తెలుసుకునుడు, అన్నీ ఆడనే. 1897ల హోలీ ట్రినిటీ చర్చి పెట్టుకున్నరు, 1904ల గ్రీక్ స్టార్ అని సొంత పేపరు తెచ్చిన్రు.

ఆ పక్కనే 1889ల జేన్ ఆడమ్స్ పెట్టిన హల్ హౌస్ ఉండె. వలసొచ్చినోళ్ళకు అది అమ్మగారిల్లు లెక్క. 1899ల ఈ గ్రీకులే ఆడ తమ పాత కథల వీరుడు ఒడిస్సియస్ ఇంటికి తిరిగొచ్చే కథ నాటకమాడిన్రు, అది గూడ వాళ్ళ భాషలనే! పండ్ల బండి తోసెటోళ్ళని తమను చిన్నచూపు చూసెటోళ్ళకు తమ వంశమేందో ఎరుక చేసిన్రు. నాకు ఈ ముచ్చట ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు. 1912ల బాల్కన్ యుద్ధమొస్తే శానామంది పని ఇడిసిపెట్టి లడాయికి పోయిన్రు.

ఆ తర్వాత హైవే ఆ బస్తీని కొంత మింగింది. 1961ల మేయర్ రిచర్డ్ డేలీ యూనివర్సిటీకి ఇదే జాగ అన్నడు. గ్రీకుల ఇండ్లు, ఇటలీ వాళ్ళ ఇండ్లు, మెక్సికో వాళ్ళ ఇండ్లు అన్నీ పోవుడే. ఫ్లోరెన్స్ స్కాలా అని ఇటలీ వాళ్ళ ఆడబిడ్డ, ఆడోళ్ళను కూడగట్టి మేయర్ ఆఫీసుల బైఠాయించింది, కోర్టుకెక్కింది. గెలవలే. హల్ హౌస్‌వి పదమూడు బిల్డింగులుంటే రెండే మిగిలినయ్. 1965ల కాలేజీ తెరిచిన్రు.

నేను 1973ల ఆడ చదువ వచ్చిన. ఎటు జూసినా సిమెంటు గోడలే. ఆడ ఇండ్లుండెనని ఎవ్వరు చెప్పలే. పొద్దుమూకినంక జర ఉత్తరానికి నడిచి ఒక గ్రీకు హోటల్ల పప్పు సూపు, పాలకూర పెట్టి కాల్చిన స్పనకోపిట తినేటోన్ని. గల్లా కాడి ముసలాయన ఒకనాడు ఎక్కడ చదువుతవని అడిగిండు. చెప్పిన. “మా నాయన కాఫీ దుకాణం మీదికెళ్ళి నడిసొస్తున్నవన్నట్టు” అన్నడు.

1981ల మా ఊరు శ్రీశైలం డ్యాం నీళ్ళల్ల మునిగింది. ఆ ముసలాయనకు చెప్పుకున్న. “మీ ఊరోళ్ళు ఒక్కకాడ దిగిన్రా, చెదిరిన్రా?” అని అడిగిండు. చెదిరిన్రన్న. “అట్ల కావొద్దనే మేము నాలుగు వీధులే జరిగినం” అన్నడు. డబ్బు చేతికొచ్చినోళ్ళు యాడికన్న పోవొచ్చు. వీళ్ళు పోలే, అదే హాల్‌స్టెడ్ మీద వాన్ బ్యూరెన్‌కు, మాడిసన్‌కు నడుమ మళ్ళ దుకాండ్లు తెరిచిన్రు. ఆ పట్టుదలకు నేను చేతులెత్తి మొక్కుత.

1968ల పార్థెనాన్ హోటల్ తెరిచిన్రు. చీజ్ మీద బ్రాందీ పోసి అంటుపెట్టి “ఓపా!” అని అరుసుడు ఆడనే మొదలైందంటరు. గైరోస్ మాంసం కారఖాన్లల్ల చేసి దేశమంత పంపుడు గూడ ఈ ఊర్లనే పెరిగింది. ఒక కొవ్వొత్తుల దుకాణంల చర్చి దీపాలకెళ్ళి దిష్టి పూసల దాంక దొరికేది. రోడ్డు మూలలకు పాత గ్రీకు గుళ్ళ లెక్కుండే స్తంభాలు 1996ల పెట్టినయే. 2011ల హెలెనిక్ మ్యూజియం కొత్త బిల్డింగుల తెరిచిన్రు. ముసలోళ్ళు చెప్పిన బతుకు కథలు రికార్డు చేసి దాచిన్రు ఆడ. మంచి పని చేసిన్రు.

2016ల పార్థెనాన్ మూతపడ్డది. పిల్లలు శివార్లకు పోయి ఇండ్లు కొనుక్కున్నరు. అయినా ఏటా మార్చి 25 గ్రీసు స్వాతంత్ర్యం పేరు మీద పరేడ్ తీస్తే, తెల్ల కుచ్చుల లంగాలు కట్టి హాల్‌స్టెడ్ మీద నడిచెటోళ్ళను చూడ అందరు తిరిగొస్తరు. ఈసారి మిమ్ముల తీస్కపోత. పొద్దుగాలనే బయలెల్లాలె, లేకుంటే కారు పెట్ట జాగ దొరకది.