బందరు తీరం – మూడు తుఫానులు – మన బాధ్యత

ఈ సంచికలో చరిత్ర గురించి వ్రాయమన్నప్పుడు రాజులను గూర్చి, కోటలను గూర్చి వ్రాయడం వాడుక. ఈసారి సముద్రాన్ని గురించి వ్రాస్తున్నాను. మన మచిలీపట్నం చరిత్రను రాజులు ఎంత మార్చారో, సముద్రం అంతకంటే తక్కువేమీ మార్చలేదు.

ముందుగా ఒక మాట సంగతి. మా బడిలో ఉర్దూ చదివే పిల్లలకూ, పక్క బడిలో తెలుగు చదివే పిల్లలకూ అర్థం చెప్పనక్కర లేని మాటల్లో 'తుఫాను' ఒకటి. అరబ్బీలో 'తూఫాన్' అన్నారు. హజ్రత్ నూహ్ అలైహిస్సలాం కాలంలో వచ్చిన జలప్రళయానికి ఖురాన్ షరీఫ్‌లో వాడిన మాట కూడా ఇదే. ఫారసీ, ఉర్దూల మీదుగా అది తెలుగులోకి వచ్చి ఇంటి మాట అయిపోయింది. మన ఊరి పేరు 'బందరు' కూడా ఫారసీయే, రేవు అని అర్థం. ఇంగ్లీషువాళ్ళు వాడే 'సైక్లోన్' అనే మాట మాత్రం చాలా కొత్తది. కలకత్తాలో ఉండిన హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన 1840 తర్వాత దానిని వాడుకలోకి తెచ్చాడు. చుట్ట చుట్టుకున్న పామును తలపించే గ్రీకు మాట నుంచి ఆ పేరు పెట్టాడు. ఇక తెలుగువారిది 'ఉప్పెన'. ఈ మూడింటిలో మనం బాగా భయపడవలసిన మాట ఇదే. ఎందుకో ముందు ముందు చెబుతాను.

గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో బందరు వారి రాజ్యానికి ముఖ్యమైన రేవు. ఇక్కడి నుంచి అద్దకం బట్టలు ఎక్కించుకొని ఓడలు పర్షియాకు, ఎర్ర సముద్రానికి, పెగూకు, సుమత్రాకు పోయేవి. హజ్ యాత్రికులు కూడా ఈ రేవులోనే ఓడ ఎక్కేవారు. 17వ శతాబ్దం మొదట్లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు, తర్వాత ఫ్రెంచివారు వచ్చి ఇక్కడ గిడ్డంగులు పెట్టారు. 1759లో ఫ్రెంచివారి చేతుల్లోంచి ఊరు ఇంగ్లీషువారి చేతికి పోయింది. ఇంత సంపద చూసిన ఊరు ఒక్క రాత్రిలో దెబ్బ తిన్నది.

1864: ఒక రాత్రి

1864 నవంబరు 1వ తేదీ రాత్రి గాలివానతో పాటు సముద్రం సుమారు 13 అడుగుల ఎత్తున లేచి ఊరి మీద పడింది. ఊళ్ళోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ కలిపి దాదాపు 30,000 మంది చనిపోయారని ఆనాటి లెక్క. 1883లో గోర్డన్ మెకంజీ అనే అధికారి వ్రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్‌లో ఈ ఘోరం నమోదయి ఉంది. ఆ కాలంలో ముందుగా చెప్పేవారు లేరు, చెప్పే సాధనం లేదు. గుడిసెల్లో ఉన్నవారికి ఎక్కడికి పోవాలో తెలియదు. చీకటి, గాలి, ఆపైన నీళ్ళు.

నీళ్ళు తీసిన తర్వాత వచ్చే కష్టాలను మనవాళ్ళు సాధారణంగా మర్చిపోతారు. ఉప్పునీరు దిగిన బావి తాగడానికి పనికిరాదు. ఉప్పు పట్టిన పొలం వెంటనే పండదు. చచ్చిన పశువుల వల్ల రోగాలు. తిండిగింజలు తడిసి కుళ్ళిపోవడం. ప్రాణాలతో మిగిలినవాళ్ళను కూడా ఇవి వదలవు. అందుకే తుఫాను ఒక రాత్రే అయినా దాని లెక్క మాత్రం ఏళ్ళ తరబడి సాగుతుంది. బందరు రేవు వెనకబడడానికి వేరే కారణాలు కూడా ఉన్నాయి గానీ, ఆ రాత్రి తర్వాత ఊరు మళ్ళీ పాత బందరు కాలేదు.

ఒక మేలు కూడా చెప్పుకోవాలి. అదే 1864 అక్టోబరులో కలకత్తాను మరొక పెద్ద తుఫాను ముంచింది. నెల తిరగకముందే రెండు రేవులు పోయేసరికి సర్కారుకు కళ్ళు తెరుచుకున్నాయి. 1865లో కలకత్తా రేవుకు తుఫాను హెచ్చరికలు ఇచ్చే ఏర్పాటు మొదలయింది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. ఈ రోజు రేడియోలో, టీవీలో, సెల్‌ఫోనులో మనం వినే వాతావరణ సమాచారానికి పునాదిలో మన ఊరివాళ్ళ ప్రాణాలు కూడా ఉన్నాయని పిల్లలకు చెప్పాలి.

గాలి కాదు, నీరు

ఇప్పుడు ఉప్పెన సంగతి. తుఫానులో ఎక్కువ మందిని చంపేది గాలి అనుకుంటాం. మన తీరంలో పెద్ద ప్రాణనష్టాలన్నీ నీటి వల్లనే జరిగాయి. తుఫాను గాలి మన వైపు భూగోళంలో గడియారం ముల్లు తిరిగేదానికి ఎదురుగా తిరుగుతుంది. అది తూర్పు నుంచి వచ్చి ఒడ్డు దాటేటప్పుడు, అది పోయే దిక్కుకు కుడి పక్క, అంటే మనకు ఉత్తరపు పక్క, గాలి సముద్రం మీది నుంచి నేల మీదికి తోస్తుంది. ఆ తోపుకు నీరు గుట్టగా లేస్తుంది. ఎడమ పక్క గాలి నేల మీది నుంచి సముద్రం మీదికి పోతుంది కాబట్టి అక్కడ ఉప్పెన ఉండదు, లేదా తక్కువ. కృష్ణ తెచ్చిన ఒండ్రుతో ఏర్పడిన మన నేల పల్లం. సముద్రం కూడా ఒడ్డు దగ్గర లోతు తక్కువ. అందుచేత లేచిన నీటికి అడ్డం ఉండదు, మైళ్ళ కొద్దీ లోపలికి వస్తుంది.

ఇంకొక సంగతి. తుఫాను కన్ను మన మీదుగా పోతే గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆకాశం తేటపడినా పడవచ్చు. అయిపోయిందనుకొని బయటికి వచ్చినవాళ్ళను కొద్దిసేపటికే వ్యతిరేక దిక్కు నుంచి వచ్చే గాలి పట్టుకుంటుంది. గాలి ఆగితే బయటికి రాకూడదు అనేది ప్రతి ఇంట్లో పిల్లలకు కూడా తెలియాలి.

1977: దివిసీమ

1977 నవంబరు 19, శనివారం. తుఫాను చీరాల దగ్గర ఒడ్డు దాటింది. దానికి కుడి పక్క ఉన్నది దివిసీమ, బందరు తీరం. పైన చెప్పిన లెక్క ప్రకారం ఏం జరగాలో అదే జరిగింది. సుమారు 5 మీటర్ల ఎత్తున ఉప్పెన వచ్చి పది కిలోమీటర్లకు పైగా లోపలికి పోయింది. కోడూరు, నాగాయలంక ప్రాంతాల్లో సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. సర్కారు లెక్కల ప్రకారమే పోయిన ప్రాణాలు సుమారు 10,000. అంతకంటే ఎక్కువే అన్నవారు చాలామంది. పశువులు లక్షకు పైగా పోయాయి. శవాలను గుర్తుపట్టే వీలు లేక చాలా చోట్ల సామూహికంగా దహనం చేయవలసి వచ్చింది. ఎవరి తండ్రి, ఎవరి బిడ్డ, ఏ ఊరు, ఏ కులం, ఏ మతం అని అడగడానికి కూడా ఎవరూ మిగలలేదు.

1864కు, 1977కు మధ్య 113 సంవత్సరాలు. ఈ మధ్యలో వాతావరణ శాఖ వచ్చింది, రేడియో వచ్చింది. తుఫాను వస్తున్నదన్న వార్త కూడా వచ్చింది. అయినా వేలమంది పోయారు. ఎందుకు? తుఫాను దారి మార్చుకొని ఉత్తరంగా తిరిగింది. రేడియో ఉన్న ఇళ్ళు తక్కువ. విన్నవాళ్ళకు అది తమ ఊరి సంగతి అనిపించలేదు. అనిపించినా పోవడానికి గట్టి కట్టడం లేదు, రోడ్డు లేదు. ఖబరు రావడం ఒకటి, ఆ ఖబరు ఇంటి గడప దాకా రావడం మరొకటి. 1977 చెప్పిన పాఠం ఇదీ.

ఆ తర్వాత దేశం నలుమూలల నుంచి సాయం వచ్చింది. మదర్ థెరీసా వచ్చారు. అవనిగడ్డ శాసనసభ్యులు మండలి వెంకట కృష్ణారావుగారు సహాయ, పునర్నిర్మాణ పనుల్లో చేసిన కృషిని దివిసీమవారు ఈనాటికీ చెప్పుకుంటారు. తీరం పొడవునా తుఫాను షెల్టర్లు కట్టారు. సరుగుడు తోటలు వేశారు. మచిలీపట్నంలో తుఫానులను కనిపెట్టే రాడారు కూడా వెలిసింది.

1990: లెక్క మారింది

1990 మే 9న మళ్ళీ కృష్ణా ముఖద్వారం దగ్గరే తుఫాను ఒడ్డు దాటింది. బలంలో 1977 దానికి తీసిపోదు. ఇళ్ళు పోయాయి, పంటలు పోయాయి, కరెంటు స్తంభాలు వరుసగా పడిపోయాయి. చనిపోయినవారు 967 మంది. ఒక్క ప్రాణమైనా చిన్నది కాదు. కాని 10,000 ఎక్కడ, 967 ఎక్కడ! కారణం, రోజుల ముందే హెచ్చరిక రావడం, ఆరు లక్షల మందికి పైగా జనాన్ని ఖాళీ చేయించి సహాయ శిబిరాలకు చేర్చడం. సముద్రం మారలేదు, తీరం మారలేదు. మనుషుల ఏర్పాటు మారింది. ఈ మూడు తేదీలను పక్కపక్కన పెట్టి చూసేవారికి వేరే ఉపన్యాసం అక్కరలేదు.

పక్క దేశం అనుభవం

బంగాళాఖాతానికి అవతలి కొస బంగ్లాదేశ్. 1970 నవంబరు తుఫానులో అక్కడ మూడు లక్షలకు పైగా చనిపోయారు. దాని తర్వాత 1972లో రెడ్ క్రెసెంట్ ద్వారా వాలంటీర్ల పథకం మొదలు పెట్టారు. ఊరిలోని మనుషులే వాలంటీర్లు. జెండా ఎగరేయడం, మెగాఫోనుతో చెప్పడం, ముసలివారిని మోసుకుపోవడం వారి పని. మసీదు మైకుల్లో కూడా హెచ్చరిక చెబుతారు. నేడు ఆ వాలంటీర్లు 70,000కు పైగా ఉన్నారు.

కాని 1991 ఏప్రిల్ 29 తుఫానులో అక్కడ లక్షా ముప్పైవేలకు పైగా చనిపోయినప్పుడు, వారిలో ఆడవారు మగవారికంటే చాలా ఎక్కువ. తర్వాత విచారిస్తే తేలినదేమిటంటే, మగవాళ్ళు ఇంటికి వచ్చి చెప్పేదాకా ఎందరో స్త్రీలు ఇల్లు కదలలేదు. షెల్టర్లో ఆడవారికి వేరే చోటు లేదని వెళ్ళడానికి జంకారు. పిల్లలను చంకన వేసుకొని నీళ్ళలో నడవలేకపోయారు. పర్దా మన ఇళ్ళలోనూ ఉన్నది. కాబట్టి ఈ సంగతి మనం దాచుకోకుండా మాట్లాడుకోవాలి. ప్రాణం కాపాడుకోవడానికి ఇల్లు దాటే స్త్రీకి ఎవరి అనుమతీ అక్కరలేదని ఇంటి పెద్దలు ముందే, ఎండ కాసే రోజునే చెప్పి ఉంచాలి. వాన మొదలయ్యాక చెప్పే సమయం ఉండదు. బంగ్లాదేశ్‌లో నేడు వాలంటీర్లలో సుమారు సగం మంది స్త్రీలే.

హెచ్చరిక చదవడం

రేవులో ఎగరేసే హెచ్చరికలు 1 నుంచి 11 వరకు ఉంటాయి. నంబరు పెరిగితే ప్రమాదం పెరిగిందని మనవాళ్ళు అనుకుంటారు. అది కొంతవరకే నిజం. 8, 9, 10 మూడూ మహా ప్రమాదమే. తుఫాను ఊరికి ఏ పక్కగా పోతుందో చెప్పడానికే ఆ తేడా. 8 అంటే రేవు తుఫాను దారికి ఎడమ పక్క, 9 అంటే కుడి పక్క, 10 అంటే రేవు మీదుగానో అతి దగ్గరగానో. కుడి పక్క అంటే ఉప్పెన పక్క అని పైన చెప్పాను. కాబట్టి 9 అంటే 10 కంటే నయం అనుకొని ఇంట్లో కూర్చోరాదు. ఇక 11 అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అర్థం. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖపట్నం వంటి మహానగరంలోనే సెల్‌ఫోన్లు మూగబోయాయి. అన్నీ ఫోనులో ఉన్నాయిలే అనుకుంటే చాలదు. బ్యాటరీతో పనిచేసే చిన్న రేడియో ఒకటి ఇంట్లో ఉండాలి.

మనం చేయవలసినవి

సర్కారు చేసేది సర్కారు చేస్తుంది. మన సంఘం చేయగలిగినవి కూడా ఉన్నాయి.

ఒకటి, మొహల్లా వారీగా ఒక రిజిస్టరు. ఏ ఇంట్లో ఎంతమంది, ముసలివారెవరు, నిండు గర్భిణులెవరు, మంచం మీద ఉన్నవారెవరు, మోయడానికి ఎవరు వస్తారు, ఇవన్నీ పేర్లతో ఉండాలి. తప్పిపోయినవారిని వెతకడానికీ అదే పనికి వస్తుంది. 1977లో పేర్లు లేకుండా పోయినవారిని తలుచుకుంటే దీని విలువ తెలుస్తుంది.

రెండు, ఇనగుదురుపేటలో కానివ్వండి, మరే పేటలో కానివ్వండి, గట్టి మేడ, బడి, మసీదు పైభాగం ఏది ఎంతమందికి సరిపోతుందో ముందే చూసి ఉంచాలి. ఆడవారికి వేరే గది, మరుగుదొడ్డి తప్పక ఉండాలి. తలుపు మన వాళ్ళకే కాదు, వచ్చిన ప్రతి మనిషికీ తెరవాలి. ఉప్పెన పేట చూసి రాదు.

మూడు, రేషన్ కార్డు, ఆధార్, పట్టా, పిల్లల సర్టిఫికెట్లు ఒక ప్లాస్టిక్ సంచిలో గట్టిగా కట్టి చేతికందే చోట ఉంచాలి. నష్టపరిహారం అడిగేటప్పుడు కాగితం లేనివాడే ఎక్కువ కష్టపడతాడు.

నాలుగు, తుఫాను తర్వాతి పని. బావిలో నీరు తోడించి, బ్లీచింగ్ పొడి వేయించి, పరీక్ష చేయించేదాకా తాగవద్దు. కాచిన నీరే తాగాలి. తెగిన కరెంటు తీగల దగ్గరికి పిల్లలను పోనివ్వరాదు. సంఘం వసూలు చేసే చందాలో కొంత భాగం మొదటి వారం బియ్యానికి కాక, ఆరో నెలకు దాచాలి. మొదటి వారం అందరూ వస్తారు. ఆరో నెలలో వల పోయిన జాలరికీ, కుట్టుమిషను పోయిన దర్జీకీ, తోపుడు బండి పోయిన పండ్ల వ్యాపారికీ ఎవరూ కనబడరు. కోలుకోవడం అంటే ఆ పనిముట్టు తిరిగి చేతికి రావడమే.

1864లో మన పెద్దలకు తెలియదు. 1977లో తెలిసినా చేరలేదు. 1990లో చేరింది, ఫలితం చూశాం. 2023 డిసెంబరులో మిచాంగ్ బాపట్ల దగ్గర ఒడ్డు దాటినప్పుడు మళ్ళీ ఒకసారి సముద్రం మనల్ని పలకరించి పోయింది. ఈసారి వచ్చినప్పుడు తెలియదని చెప్పే అవకాశం మనకు లేదు. వచ్చే సర్వసభ్య సమావేశంలో రిజిస్టరు విషయం తీర్మానంగా పెట్టవలసిందని పెద్దలను కోరుతున్నాను. అల్లాహ్ మన ఊరిని, ఈ తీరంలో ఉన్న ప్రతి ఇంటిని చల్లగా చూడుగాక. ఆమీన్.