నెత్తికెక్కిన స్టిల్ కెమెరా: బరువు కథా, బేరం కథా?

స్కైడైవర్ల హెల్మెట్ మీద కెమెరా చరిత్రను చెప్పేవాళ్లలో ఎక్కువమంది ఒకే దారిలో నడిచారు. మొదట మెడలు విరిచే బరువు కెమెరాలు, తర్వాత ఓ మోస్తరువి, చివరికి అగ్గిపెట్టెంత గోప్రో. కెమెరా చిక్కిపోతూ వచ్చింది కనుక మనిషి నెత్తికెక్కింది, మరీ చిక్కిపోయింది కనుక అందరి నెత్తికీ ఎక్కింది అన్నది ఈ కథనాల సారాంశం. సినిమా, వీడియో కెమెరాల వరకూ ఇది చాలావరకు నిజమే. స్టిల్ కెమెరా దగ్గరికి వచ్చేసరికి లెక్క తప్పుతుంది. హెల్మెట్ల మీద ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలు విరివిగా కనిపించింది 2003 తర్వాతి పదేళ్లలో. ఆ పదేళ్లలో ఫొటోగ్రాఫర్ తల తేలిక కాలేదు సరికదా, బరువెక్కింది. అన్నిటికంటే తేలికైన డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్‌లు బజారులోకి వచ్చిన కాలంలోనే హెల్మెట్ స్టిల్ ఫొటోగ్రాఫర్ వృత్తి పలచబడడం మొదలైంది. బరువే కారణమైతే కథ ఇలా తిరగకూడదు.

తొలి రోజుల సంగతి అందరూ రాసిందే కనుక త్వరగా దాటేద్దాం. 1960 ఆగస్టు 16న జోసెఫ్ కిట్టింగర్ బెలూన్ గొండోలా నుంచి దూకుతున్న ప్రసిద్ధ చిత్రాన్ని హెల్మెట్ కెమెరాకు ముడిపెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది గొండోలాకు బిగించిన ఆటోమేటిక్ కెమెరా తీసింది. మనిషి తలకు కెమెరా కట్టుకుని తోటి మనిషి వెంట పడిపోతూ తీయడం ఆ దశకంలోనే కాలిఫోర్నియాలో ఊపందుకుంది. రెండో ప్రపంచ యుద్ధంలో యుద్ధవిమానాల తుపాకుల పక్కన అమర్చిన 16 ఎంఎం గన్ కెమెరాలు మిగులు సామాను కింద చవగ్గా దొరికేవి. వాటిని మామూలు హెల్మెట్లకు బోల్టులతో బిగించారు. బాబ్ బుకోర్ ఆ తరం మనిషి. 1965లో కాలిఫోర్నియాలోని ఆర్విన్ దగ్గర ఎనిమిది మంది గాలిలో చేతులు కలిపి కట్టిన నక్షత్రం వెనక ఉన్నది ఆయన పూనికే. మరుసటి ఏడాది ‘డోంట్ మేక్ వేవ్స్’ అనే సినిమాకు చిత్రీకరిస్తూ మాలిబు తీరంలో సముద్రంలో పడి మునిగిపోయాడు. ‘జిప్సీ మాత్స్’ (1969) సినిమాకు గాలిలో కెమెరా పట్టిన కార్ల్ బేనిష్ ఇంకో పెద్ద పేరు. 1979 నాటి ‘మూన్‌రేకర్’లో బాండ్ పారాషూట్ లేకుండా పడే దృశ్యం కోసం ప్లాస్టిక్ లెన్సు ఉన్న తేలికపాటి కెమెరాను హెల్మెట్‌కు అమర్చారు. ఆ దృశ్యం కోసం దాదాపు 88 దూకుళ్లు దూకారట.

ఇవన్నీ కదిలే బొమ్మల కథలు. నిశ్చల చిత్రాలవాళ్లు అప్పట్లో తక్కువ. ఆండీ కీచ్ ‘స్కైస్ కాల్’ (1974) పుస్తకం చూసినవాళ్లకు ఆ తక్కువమందిలో ఎంత ప్రతిభ ఉండేదో తెలుస్తుంది. ఒక రీలులో 36 ఫ్రేములు, మోటార్ డ్రైవ్ ఉంటే అవి అయిపోవడానికి పట్టేవి కొన్ని సెకన్లే. నేల మీదికి దిగి, కడిగించి చూసేదాకా ఫోకస్ కుదిరిందో లేదో తెలియదు. అభిమానంతో, పత్రికల ముఖచిత్రాల మీద ఆశతో చేసిన పని అది. దాని మీద బతికినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

ఈ పరిస్థితిని మార్చింది కెమెరా కంపెనీలు కాదని నా వాదన. మార్చింది టాండెమ్. బిల్ బూత్, టెడ్ స్ట్రాంగ్ 1983 ప్రాంతంలో ఇద్దరు మనుషుల పారాషూట్‌ను వాడుకలోకి తెచ్చారు. మరుసటి ఏడాది నుంచి అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ దాన్ని ప్రయోగం కింద మినహాయింపుతో అనుమతించింది. పూర్తిస్థాయి నియమంగా గుర్తించింది 2001లో. అప్పటిదాకా స్కైడైవింగ్ స్కైడైవర్ల కోసమే జరిగే ఆట. టాండెమ్‌తో ఇన్‌స్ట్రక్టర్‌కు తగిలించుకుని దూకే, శిక్షణ లేని మనిషి, జీవితంలో ఒకే ఒక్కసారి దూకే మనిషి, డ్రాప్‌జోన్‌కు (దూకుళ్లు నడిపే కేంద్రానికి) ప్రధాన ఆదాయమయ్యాడు. రెండోసారి రాని ఆ మనిషికి రుజువు కావాలి. వీడియో కావాలి. గోడకు తగిలించడానికి ఫొటో కూడా కావాలి. అంటే ఒకే ఫొటోగ్రాఫర్ తల మీద రెండు కెమెరాలు ఉండాలి.

ఇక్కడ తేలిక సిద్ధాంతం ఎలా బోల్తా పడుతుందో చూడండి. క్యానన్ 1999లో తెచ్చిన ఫిల్మ్ కెమెరా ఈఓఎస్ 300 శరీరం బరువు సుమారు 350 గ్రాములు. డిజిటల్‌లో దాని వారసురాలు 2003 నాటి 300డి బరువు 560 గ్రాములు. బరువే నిర్ణయించేటట్టయితే ఫొటోగ్రాఫర్లు ఫిల్మ్‌నే పట్టుకుని వేలాడాలి. వాళ్లు బరువైన దానికి మారారు. కారణం బేరంలో ఉంది. ఫిల్మ్ అయితే ప్రతి కస్టమర్‌కు ఒక రీలు, కడిగింపు, ప్రింటు, పోస్టు. డిజిటల్ అయితే కస్టమర్ జంప్‌సూట్ విప్పి కూర్చునేలోపు సీడీ సిద్ధం. ఎఫ్‌ఏఏ నియమం వచ్చిన రెండేళ్లకు వెయ్యి డాలర్ల లోపు ధరతో డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ రావడం కాకతాళీయమే. అయినా ఆ రెండూ కలిసిన చోటే హెల్మెట్ స్టిల్ ఫొటోగ్రఫీ జీతం రాళ్లిచ్చే ఉద్యోగమైంది.

ఆ హెల్మెట్ల మీద క్యానన్ చౌక రకాలే ఎందుకు అన్న ప్రశ్నకు ‘నాణ్యత’ అని జవాబు చెప్పేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. 300డి వరసగా నాలుగు ఫ్రేములు తీసి ఆయాసపడేది. నికాన్ 2004లో తెచ్చిన డీ70 ఈ విషయంలో దానికంటే మెరుగు. కానీ హెల్మెట్ మీద ఉన్న కెమెరా బటన్ నొక్కడానికి చేతులు ఖాళీ ఉండవు. ఆ చేతులతోనే కదా ఎగరాలి. అందుకని నోట్లో పళ్ల మధ్య పెట్టుకుని కొరికే బైట్ స్విచ్, లేదంటే నాలుకతో నొక్కే స్విచ్ వాడతారు. దానికి కెమెరాలో తీగ గుచ్చే రంధ్రం ఉండాలి. క్యానన్ చౌక కెమెరాల్లో ఫిల్మ్ కాలం నుంచీ ఉన్నది మామూలు 2.5 ఎంఎం రంధ్రం. రేడియో రిపేరు షాపులో దొరికే జాక్‌తో ఎవరైనా ఇంట్లోనే స్విచ్ చేసుకోవచ్చు. డీ70కి తీగ రంధ్రమే లేదు, ఇన్‌ఫ్రారెడ్ రిమోట్ మాత్రమే. గంటకు 190 కిలోమీటర్ల వేగంతో పడుతూ, నడినెత్తిన ఎండలో, కెమెరా ముఖం వైపు రిమోట్ చూపించడం కుదిరే పని కాదు. ఒక కంపెనీని ఒక క్రీడ మొత్తానికి ప్రమాణం చేసిపెట్టినది లెన్సు గొప్పదనం కంటే ఆ చిన్న రంధ్రమేనని నేను నమ్ముతాను. దీనికి లిఖితపూర్వక ఆధారం చూపమంటే కష్టమే. కానీ ఆ కాలపు హెల్మెట్ల ఫొటోలు వరసగా పెట్టి చూడండి, ఎక్కువ వాటి మీద క్యానన్ చౌక రకాలే.

ఇక బిగింపు. ఎస్‌ఎల్‌ఆర్‌ను నెత్తిన పెడితే వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి చూడలేరు. అందుకే ఒక కంటి ముందు రింగ్ సైట్ అనే చిన్న అద్దం అమర్చుకుంటారు. అందులోంచి చూస్తే దూరాన గాలిలో తేలుతున్నట్టు వలయాలు కనిపిస్తాయి. నేల మీద నిలబడి దూరంగా ఉన్న ఏ స్తంభాన్నో ఆ వలయాల మధ్యలోకి తెచ్చి, కెమెరా ఫ్రేములోనూ అది మధ్యలోనే పడేటట్టు సరిచేసుకోవాలి. ఫోకస్‌ను మాన్యువల్‌లో పెట్టి టేపు చుట్టేస్తారు. జూమ్ రింగుకూ టేపే. ఫ్లాష్ పొరపాటున లేవకుండా దానికీ టేపే. షట్టరు సెకనులో 500వ వంతు లేదా అంతకంటే వేగంగా పెడతారు. డిజిటల్ సెన్సర్ చిన్నది కావడంతో క్యానన్‌లో లెన్సు 1.6 రెట్లు ఇరుకయ్యేది. ఫిల్మ్ మీద విశాలంగా కనిపించిన 20 ఎంఎం లెన్సు ఇక్కడ 32 ఎంఎం లాగా ప్రవర్తించేది. దాంతో ఎగిరేవాళ్లు మూడడుగుల దూరంలో ఉన్నా చాలని ధైర్యం చెప్పే ఇంకా వెడల్పు లెన్సులు వచ్చాయి. వాటితో కస్టమర్ ముక్కు గుమ్మడికాయంత కనిపించిన ఫొటోలూ బోలెడు వచ్చాయి.

హెల్మెట్ ఆకారం కూడా ఈ అవసరానికే మారింది. పైన చదునుగా ఉండే హెల్మెట్లు, పక్కన వీడియో కెమెరాను మూసిపెట్టే పెట్టె, పైన స్టిల్ కెమెరాకు పలక. అమెరికాలో బోన్‌హెడ్, ఆస్ట్రేలియాలో కుకీ, ఇటలీలో టాన్‌ఫ్లై లాంటి కంపెనీలు ఈ రంగంలో ఎదిగాయి. ఈ మార్పులకు టాండెమ్ ఒక్కటే కారణమంటే అతిశయోక్తి అవుతుంది. పోటీల్లో న్యాయనిర్ణేతలు మార్కులు వేసేది వీడియో చూసే కనుక గాలిలో చేతులు కలిపి ఆకారాలు కట్టే ఫార్మేషన్ జట్లకు సొంత కెమెరామన్ తప్పనిసరి. 1995 నుంచి ఎక్స్ గేమ్స్‌లో జరిగిన స్కైసర్ఫింగ్‌లో జో జెన్నింగ్స్ లాంటి కెమెరామన్ జట్టులో సగం. అతను తీసిన తీరుకూ మార్కులు ఉండేవి. అయితే వాళ్లకు కావలసింది వీడియో ఒక్కటే. వాళ్ల తలపై రెండో కెమెరా ఎక్కడానికి పనేమీ లేదు. రెండో కెమెరా టాండెమ్ కస్టమర్ డబ్బుతోనే ఎక్కింది.

ఆ రెండో కెమెరా ఖరీదును మెడ చెల్లించింది. కెమెరాలు, హెల్మెట్ కలిపి రెండున్నర కిలోలు అనుకుందాం. పారాషూట్ విచ్చుకునే కొన్ని సెకన్లలో నాలుగు జీల (మామూలు బరువుకు నాలుగు రెట్ల) తాకిడి వస్తే మెడ మీద పది కిలోలు. అది పక్కకు ఉంటే మెలి, పైన ఉంటే మోత. తల తిప్పి ఉన్న క్షణంలో అది జరిగితే ఇంకా దారుణం. అంతకంటే పెద్ద ప్రమాదం తాళ్లది. పారాషూట్ తాళ్లలో ఒక్కటి కెమెరా మూలకు తగులుకుంటే తలతోపాటు మనిషి చిక్కుకుపోతాడు. గడ్డం కింది పట్టీని ఒక్క లాగుతో ఊడదీసి హెల్మెట్ మొత్తం వదిలేసే ఏర్పాటు అందుకే పుట్టింది. ఈ చరిత్రలో నేను అన్నిటికంటే గొప్పదిగా చెప్పే ఆవిష్కరణ అదే. ఏ ప్రకటనలోనూ దానికి పెద్దక్షరాలు దక్కలేదు. బరువు మనసుకూ మాయ చేస్తుంది. 1988 ఏప్రిల్‌లో ఉత్తర కరోలినాలో వందల దూకుళ్ల అనుభవం ఉన్న ఒక కెమెరామన్ వీడియో సామాను తగిలించుకుని, పారాషూట్ వేసుకోవడం మరిచి దూకేశాడు. వీపు మీది సామాను బరువు పారాషూట్ బరువులాగే అనిపించి ఉంటుందని అప్పట్లో అనుకున్నారు. కెమెరా తేలికైతే ప్రాణాలకు మేలన్న మాటలో నిజం లేకపోలేదు. అయితే అది సగం నిజమే.

మిగతా సగం మన కాలంలో తేలింది. గోప్రో 2004లో మణికట్టుకు కట్టే 35 ఎంఎం ఫిల్మ్ కెమెరాగా మొదలైంది. 2009 నాటి హెచ్‌డీ హీరోతో హెల్మెట్లకు ఎక్కింది. స్టిల్ ఫొటోగ్రాఫర్ తలపై రెండు కిలోలు ఉన్నన్నాళ్లూ అతను ఆ బరువుకు భయపడి నేర్చుకున్నాడు. గోప్రో భయం పోగొట్టింది, నేర్పు ఇవ్వలేదు. తాడుకు కెమెరా ఎంత చిన్నదో తెలియదు. అతికించిన ప్లాస్టిక్ పలక అంచు చాలు చిక్కుకోవడానికి. కెమెరా ఎంత చిన్నదైనా కనీసం 200 దూకుళ్లు పూర్తయ్యాకే పెట్టుకొమ్మని అమెరికా పారాషూట్ సంఘం యూఎస్‌పీఏ సిఫారసు చేస్తోంది. పాతిక, యాభై దూకుళ్లవాళ్లు అది సంఘాలకు, ముసలివాళ్లకు మాత్రమే పట్టిన చాదస్తమని అనుకుంటే నాకు ఆశ్చర్యం లేదు.

టాండెమ్ బేరమే మళ్లీ హెల్మెట్ స్టిల్ ఫొటోగ్రాఫర్ వృత్తిని కూలుస్తోంది. చిన్న సెస్నా 182లో పైలట్ కాక నలుగురు పడతారు. బయటి కెమెరామన్ ఎక్కితే ఒక సీటు పోయినట్టే. అతను లేకపోతే రెండు టాండెమ్ జతలు. అందుకే ఇన్‌స్ట్రక్టర్ ఎడమ చేతి గ్లవ్‌కు గోప్రో కట్టుకుని తీసే హ్యాండ్‌క్యామ్ వచ్చింది. అది మళ్లీ మణికట్టు దగ్గరికే చేరడం చరిత్ర వేసిన ఎకసెక్కం. ఫొటో అడిగితే వీడియోలోంచి ఒక ఫ్రేమ్ పట్టి ఇస్తారు. సెస్నా సీటు లెక్క ముందు కెమెరా గ్రాముల లెక్క తూగదు. డ్రాప్‌జోన్‌ల ఖర్చులు తెలిసినవాణ్ని కనుక నేను వాళ్లను తప్పుపట్టను. కానీ ఎదురుగా ఎగురుతూ, కస్టమర్ కళ్లూ, వెనక దిగంతం, విచ్చుకుంటున్న పారాషూట్ ఒకే ఫ్రేములో పట్టే మనిషి పోయాక మిగిలింది చాచిన చేతి నుంచి తీసిన ముఖం మాత్రమే. ఇవి ఫొటోలు కావు, రసీదులు.

‘జిందగీ న మిలేగీ దొబారా’ (2011) సినిమా కోసం స్పెయిన్‌లో తీసిన దూకుడు చూశాక మనవాళ్లకూ టాండెమ్ మీద మోజు పెరిగింది. దుబాయ్ వెళ్లినవాళ్లు, అమెరికాలో చదువుకునే పిల్లలు ఫొటోల ప్యాకేజీకి డబ్బు కడుతున్నారు. మీ ఇంట్లో ఎవరైనా అలా వెళ్తుంటే ఒక్క మాట అడగమనండి: ఫొటో తీసేది ఇన్‌స్ట్రక్టర్ చేతి కెమెరానా, వేరే మనిషా? వేరే మనిషి కావాలంటే ఖర్చు ఎక్కువే. ఆ డబ్బు పెట్టేవాళ్లు ఉన్నన్నాళ్లే హెల్మెట్ మీద స్టిల్ కెమెరా ఉంటుంది.