విశాఖ పేరున వచ్చిన క్లబ్బు, అజీజ్‌నగర్‌లో వెలసిన మైదానం

2020 ఆగస్టులో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఐ-లీగ్‌లో కొత్తగా చేరదలచిన సంస్థల దరఖాస్తులను పరిశీలించి, ఢిల్లీకి చెందిన సుదేవా క్లబ్బును 2020-21 పోటీలకూ, విశాఖపట్నం పేరున దరఖాస్తు చేసుకున్న శ్రీనిధి క్లబ్బును 2021-22 పోటీలకూ ఆమోదించింది. ఐ-లీగ్ అంటే 1996లో మొదలైన జాతీయ ఫుట్‌బాల్ లీగ్‌కు 2007లో వచ్చిన కొత్త రూపం; జీతమిచ్చి ఆటగాళ్లను పెట్టుకున్న క్లబ్బులు ఒకరి ఊరికి ఒకరు వెళ్లి, కొన్ని నెలలపాటు తలపడే వృత్తి క్రీడాకారుల పోటీ. విశాఖ పేరున ఆమోదం పొందిన ఆ క్లబ్బుకు సొంత మైదానం మాత్రం విశాఖలో ఏర్పడలేదు. హైదరాబాద్ శివారున, రంగారెడ్డి జిల్లా అజీజ్‌నగర్‌లో, 1,500 మంది కూర్చుని చూడగల డెక్కన్ అరీనాగా ఏర్పడింది. ఊరి చివరి ఆటస్థలం స్టేడియం కావడానికి ఏమేమి కలిసి రావాలో, అవి కలిసి రాని చోటు నుంచి ఆట ఎటు తరలిపోతుందో తెలుసుకోవడానికి తెలుగునాట ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ కనిపించదు.

విశాఖ మైదానాల కథ ఆ నగరపు నేల కథతోనే మొదలవుతుంది. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు బంగాళాఖాతం ఉన్న యారాడ గ్రామానికీ నగరానికీ మధ్య డాల్ఫిన్స్ నోస్ అనే యారాడ కొండ అడ్డుగా నిలిచి ఉంది. ఆ కొండ ఉత్తరపు అంచున, మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే చోట ఉన్న చిత్తడి నేలను తవ్వి, రెండు పాత ఓడలను ముంచి అలల ఉద్ధృతికి అడ్డుకట్టగా నిలిపి నిర్మించిన రేవును 1933 డిసెంబరులో వైస్రాయ్ విల్లింగ్డన్ ప్రారంభించాడు. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ పూనికతో అక్కడే ఓడల నిర్మాణశాలకు పునాది పడింది. అది తరువాత హిందుస్థాన్ షిప్‌యార్డ్‌గా మారినా, దానిని స్థాపించిన సింధియా కంపెనీ పేరే నేటికీ ఆ ప్రాంతానికి మిగిలింది. 1957 నాటికి చమురు శుద్ధి కర్మాగారం, 1960లలో ఎరువుల కర్మాగారం, భారీ ప్లేట్ల కర్మాగారం, తూర్పు నౌకాదళ ప్రధాన స్థావరం వచ్చి చేరాయి. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అన్న నినాదంతో 1966లో సాగిన ఉద్యమం ఫలితంగా 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం 20,000 ఎకరాలకు పైగా భూమిని తన పరిధిలోకి తీసుకుంది. యారాడ కొండ నుంచి గాజువాక మీదుగా ఉక్కునగరం దాకా చదునుగా ఉన్న నేలలో అధిక భాగం ఈ విధంగా అర్ధశతాబ్దంలో సంస్థల ప్రహరీల లోపలికి వెళ్లింది.

ఆటస్థలాలు కూడా ఆ ప్రహరీల లోపలే పుట్టాయి. ఉద్యోగులకు క్వార్టర్లు, ఆసుపత్రి, బడి, కల్యాణమండపం కట్టించిన సంస్థలు వాటి పక్కనే ఒక గ్రౌండు కూడా ఏర్పరచడం ఆ కాలపు టౌన్‌షిప్ నిర్మాణంలో ఆనవాయితీ. పోర్టు ట్రస్టు వజ్రోత్సవ స్టేడియం, వాల్తేరులోని రైల్వే మైదానం, ఉక్కునగరం స్టేడియం ఆ విధంగా వచ్చినవే. వీటికి తోడుగా నిలిచింది స్పోర్ట్స్ కోటా, అంటే ఆటలో రాణించినవారికి సంస్థ ఉద్యోగమిచ్చి, పని వేళల్లో సడలింపు కల్పించి, అంతర్ సంస్థల పోటీలకు పంపే ఏర్పాటు. మత్స్యకారుల, రేవు కూలీల, మిల్లు కార్మికుల ఇళ్లలో పుట్టిన పిల్లవాడికి బంతి వల్ల నెలజీతం, పింఛను వచ్చే మార్గం అదొక్కటే కనుక, ఈ ఏర్పాటును చిన్నచూపు చూడడం న్యాయం కాదు. అయితే అందులో ఆట ఉద్యోగికి కల్పించిన సౌకర్యం. ప్రేక్షకుడు దాని లెక్కలోకి రాడు. టికెట్టు అమ్మే కిటికీ, బయటివారు రాత్రివేళ వచ్చి పోయే దారి, ప్రత్యర్థి జట్టుకు వేరుగా డ్రెస్సింగ్ రూము ఉండవలసిన అవసరం సంస్థ మైదానానికి కలగదు. పైగా సంస్థకు గడ్డురోజులు వస్తే మైదానం సంగతి అడిగేవారుండరు. శ్రీనిధి ఐ-లీగ్‌లో అడుగుపెట్టిన 2021లోనే, జనవరి నెలలో, ఉక్కు కర్మాగారంలోని ప్రభుత్వ వాటా మొత్తాన్ని విక్రయించాలని కేంద్రం నిర్ణయించినప్పుడు కార్మికులు వీధుల్లోకి వచ్చి పోరాడవలసి వచ్చింది ఉపాధి కోసం. ఆటస్థలం ఆ పోరాటపు చివరి వరుసలో కూడా ఉండే అవకాశం లేదు.

మైదానం స్టేడియంగా ఎదగడం విశాఖకు తెలియని విషయమేమీ కాదు. కాకపోతే ఆ ఎదుగుదల క్రికెట్‌కు దక్కింది. నగరంలోని ఇందిరా ప్రియదర్శిని మునిసిపల్ స్టేడియంలో 1988 నుంచి 2001 వరకు అయిదు అంతర్జాతీయ వన్డే పోటీలు జరిగాయి. ఆ తరువాత ఆంధ్ర క్రికెట్ సంఘం అప్పటికి నగర శివారుగానే ఉన్న మధురవాడ వైపు, పోతినమల్లయ్యపాలెం వద్ద, తన అవసరాలకు తగిన స్టేడియాన్ని నిర్మించుకున్నది. 2005 ఏప్రిల్‌లో పాకిస్థాన్‌పై మహేంద్రసింగ్ ధోనీ 148 పరుగులు చేసింది అక్కడే. భూమి, డబ్బు, ఆట నిర్వహణ మూడూ ఒకే సంఘం చేతిలో ఉండడం వల్ల శివారు స్థలం కొద్దికాలంలోనే అంతర్జాతీయ వేదిక కాగలిగింది. ఫుట్‌బాల్‌కు విశాఖలో ఈ మూడూ మూడు చోట్ల ఉండిపోయాయి: భూమి సంస్థలది, ఆట నిర్వహణ జిల్లా సంఘానిది, డబ్బు ఎవరిదీ కాదు.

క్రికెట్ మైదానంలోనే ఫుట్‌బాల్ ఆడుకోవచ్చు కదా అన్న ప్రశ్న తరచు వినబడుతుంది కనుక దానికి సమాధానం కొంత విపులంగా చెప్పుకోవాలి. క్రికెట్‌కు నడుమ 20 మీటర్లకు పైగా పొడవున బంకమట్టిని తొక్కించి రాయిలా గట్టిపరచిన పిచ్ కావాలి. ఫుట్‌బాల్‌కు అంతటా ఒకేలా మెత్తగా, కాలు పట్టే పచ్చిక కావాలి. అంతర్జాతీయ ప్రమాణంగా స్థిరపడిన ఫుట్‌బాల్ స్థలం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు గల దీర్ఘచతురస్రం; క్రికెట్ మైదానం గుండ్రన. గుండ్రని స్థలంలో దీర్ఘచతురస్రాన్ని ఇమిడ్చితే గ్యాలరీలో కూర్చున్నవారికి టచ్‌లైన్, అంటే ఆటస్థలపు పొడుగాటి పక్కగీత, చాలా దూరమైపోతుంది. చుట్టూ 400 మీటర్ల పరుగుబాట వేసిన బహుళ క్రీడా స్టేడియాలలోనూ ఇదే చిక్కు. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నగరంలో 1855లో క్రికెట్ కోసం తెరిచిన బ్రామాల్ లేన్ మైదానం ఈ చిక్కుతో శతాబ్దానికి పైగా నెగ్గుకొచ్చింది: అక్కడ మూడు వైపులే ఫుట్‌బాల్ గ్యాలరీలు, నాలుగో వైపు క్రికెట్ ఆవరణ. 1973లో క్రికెట్‌ను సాగనంపి, ఆ ఖాళీలో నాలుగో గ్యాలరీ కట్టిన తరువాతే అది సంపూర్ణమైన ఫుట్‌బాల్ స్టేడియం అయింది.

పచ్చిక విషయం ఇంకా సూక్ష్మమైనది. ఉష్ణదేశాలలో ఆటస్థలాలకు వాడే బెర్ముడా గడ్డి మన వినాయకచవితి పత్రిలో చేరే గరికే. నేటి మైదానాలలో దాని సంకర రకాలను నాటుతారు. ఎండను ఓర్చుకుని, తొక్కిడికి చావకుండా నేల మీద అల్లుకుపోయే గుణం దానికి ఉన్నా, వేళ్ల దగ్గర నీరు నిలిస్తే మాత్రం అది కుళ్లిపోతుంది. అందుకే మేలైన ఆటస్థలంలో అడుగున నీరు పారే గొట్టాలు, వాటిపైన కంకర, దానిపైన ఇసుక పాలు ఎక్కువగా ఉన్న మట్టి పొర వేసి, నడుమ నుంచి పక్కలకు కంటికి ఆనని వాలు ఇస్తారు. నైరుతి వానలు వెళ్లగానే తుఫానుల కాలం మొదలయ్యే విశాఖ తీరంలో ఈ పని మరింత శ్రద్ధగా చేయవలసి ఉంటుంది. చూపరుకు స్టేడియం అంటే గ్యాలరీ. నిర్మించేవారికి మాత్రం అది మొదట నేల కింది పని.

హైదరాబాద్ ఫుట్‌బాల్ కూడా ఒకప్పుడు సంస్థల నీడనే పెరిగింది. 1687లో గోల్కొండ ముట్టడి వేళ మొగలు సేనలు విడిది చేసిన చోటుగా పేరుపొందిన ఫతే మైదాన్, 1967లో లాల్ బహదూర్ స్టేడియంగా పేరు మార్చుకునే నాటికి, దేశపు ఫుట్‌బాల్ చరిత్రలో పెద్ద అధ్యాయాన్ని చూసింది. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. దాని శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం భారత జట్టును 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణ పతకాలకూ, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికీ నడిపించాడు. సికింద్రాబాద్ అమ్ముగూడ వాడల్లో బంతి తన్నుతూ పెరిగిన తులసీదాస్ బలరాం వంటివారు ఈ వాతావరణం నుంచే వచ్చారు. అంతటి కీర్తి గడించిన నగరంలో ఫుట్‌బాల్ కోసమే కట్టిన స్టేడియం ఒక్కటి కూడా మిగలకపోవడం బాధ కలిగించే విషయం. ఆటగాడు పోలీసు ఉద్యోగి, మైదానం ప్రభుత్వానిది, ప్రేక్షకుడు అతిథి; మంచి ఆటగాళ్లు కలకత్తా క్లబ్బులకు తరలిపోతుంటే పట్టి ఉంచే గూడు హైదరాబాద్‌కు లేకపోయింది. ఆ కలకత్తాలోనూ మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ వంటి క్లబ్బుల పాత మైదానాలు సైన్యం అధీనంలోని మైదాన్ అనే విశాలమైన బయలులో ఉన్నందువల్ల పెద్ద శాశ్వత నిర్మాణాలకు నోచుకోక, 1984లో సాల్ట్ లేక్ స్టేడియం వచ్చేదాకా అరకొర గ్యాలరీలతోనే కాలం గడిపాయి.

2002 నాటి జాతీయ క్రీడలకూ, మరుసటి ఏటి ఆఫ్రో-ఏషియన్ క్రీడలకూ ఉపయోగపడేలా గచ్చిబౌలిలో కట్టి, దివంగత లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టిన స్టేడియం సుమారు 30,000 మందికి సరిపోతుంది. అయితే అది పరుగుబాట ఉన్న ప్రభుత్వ స్టేడియం. పూణె క్లబ్బు స్థానంలో 2019లో ఇండియన్ సూపర్ లీగ్ అనే మరో జాతీయ పోటీలో చేరిన హైదరాబాద్ ఎఫ్‌సీ అక్కడ ఆడింది. 2022 మార్చిలో ఆ లీగ్ విజేతగా నిలిచినప్పుడు, కొవిడ్ కారణంగా పోటీలన్నీ గోవాలో జరిగినందువల్ల, ఆ గెలుపును హైదరాబాద్ తన మైదానంలో చూడలేకపోయింది. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలి పేరు మార్చుకున్నది. పరాయి స్టేడియంలో ఆడిన క్లబ్బు వెళ్లిపోవడానికి ఒప్పంద పత్రం ఒక్కటి మారితే చాలు.

శ్రీనిధి పయనం దీనికి విరుద్ధ దిశలో సాగింది. 2015లో బాలుర జట్లతో మొదలైన ఆ క్లబ్బు విద్యాసంస్థల సమూహానికి చెందినది. ఆ సమూహపు అంతర్జాతీయ పాఠశాల కూడా అజీజ్‌నగర్‌లోనే ఉంది. ఆడేవారు, నేల ఉన్నవారు, ఖర్చు భరించేవారు ఒక్కరే కావడం విశాఖ ఫుట్‌బాల్‌కు ఏనాడూ దొరకని కలయిక. 2021 డిసెంబరులో పోటీలు మొదలైనప్పుడు క్లబ్బు పేరు శ్రీనిధి డెక్కన్ అయింది. తూర్పు కనుమలకు ఇవతల సముద్రపు ఒడ్డున ఉన్న నగరం ఏ లెక్కన చూసినా దక్కనులోకి రాదు కనుక, చిరునామా మారిన సంగతి ఆ పేరులోనే ఉంది. మొదటి ఏడాది కొవిడ్ నియమాల వల్ల ఆటలన్నీ బెంగాల్‌లోనే జరిగాయి. 2022-23లో సొంత మైదానం, పరాయి మైదానం పద్ధతి తిరిగి వచ్చినప్పుడు డెక్కన్ అరీనా దాని ఇల్లయింది. ఆ ఏడూ, మరుసటి ఏడూ క్లబ్బు ఐ-లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది.

1,500 సీట్ల స్టేడియాన్ని గచ్చిబౌలితో పోల్చి చిన్నబుచ్చడం తేలికే గాని, లీగ్ అడిగేది సీట్ల సంఖ్య ఒక్కటే కాదు. క్లబ్ లైసెన్సింగ్ అనే విధానం, అంటే ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య ఏర్పరచిన అర్హతల పట్టీ ప్రకారం క్లబ్బును పరిశీలించి అనుమతించే పద్ధతి, క్రీడాభివృద్ధి, మౌలిక వసతులు, సిబ్బంది, న్యాయపరమైన స్థితి, ఆర్థిక స్థితి అనే అయిదు కోణాల నుంచి చూస్తుంది. బాలుర జట్లు ఉన్నాయా, ఆటస్థలం ప్రమాణానికి సరిపోతుందా, దానిని వాడుకునే హక్కు కాగితం మీద ఉందా అని అడుగుతుంది. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగల చిన్న మైదానం, చెప్పలేని పెద్ద మైదానం కంటె ఆటకు ఎక్కువ మేలు చేస్తుంది. 2024 డిసెంబరులో సంతోష్ ట్రోఫీ, అనగా రాష్ట్ర జట్ల జాతీయ పోటీ, తుది దశకు హైదరాబాద్ ఆతిథ్యమిచ్చినప్పుడు గ్రూపు పోటీలు అజీజ్‌నగర్‌లోనూ, బెంగాల్ కేరళను 1-0తో ఓడించిన తుదిపోరు గచ్చిబౌలిలోనూ జరిగాయి. చిన్న స్టేడియం రోజువారీ పనినీ, పెద్ద స్టేడియం పండుగనూ పంచుకున్న ఆ ఏర్పాటు ఎంతో సబబుగా ఉంది.

విశాఖలో ఇటువంటిది వెలవాలంటే కావలసిన కొలత అంత పెద్దదేమీ కాదు. 105 మీటర్లను 68తో గుణిస్తే 7,140 చదరపు మీటర్లు, ఎకరాల్లో ఒకటిముప్పావు; గీతల వెలుపలి ఖాళీ, ఒక పక్క గ్యాలరీ, దాని కింద గదులు, ఫ్లడ్‌లైట్ల స్తంభాలు, వచ్చిపోయే దారి కలిపినా నాలుగైదు ఎకరాలలో ఒక చిన్న స్టేడియాన్ని ఇమిడ్చవచ్చు. యారాడ కొండకు ఇవతల, సింధియా నుంచి గాజువాక మీదుగా ఉక్కునగరం దాకా, ఇసుక పరిచి గరిక నాటదగిన అటువంటి చదును నేల నేటికీ ఎక్కువగా రేవు, నౌకాదళం, కర్మాగారాల ప్రహరీల లోపలే ఉంది.