యంత్రములు ఆగని దేశము



ప్రియ సహోదరీ సహోదరులారా, ఎవరినైనా "బాగున్నారా?" అని అడగండి. "క్షణం తీరిక లేదండీ" అంటారు. ఆ మాట కొంచెం గర్వముగానే చెప్పుకుంటాము. ఒక్క గంట ఊరకే కూర్చుంటే తప్పు చేసినట్లుంటుంది. ఈ ఉదయము చరిత్రలో ఒక సంగతి చూద్దాము.

1929లో సోవియట్ ప్రభుత్వము ఒక కొత్త వారమును తెచ్చింది. ఫ్యాక్టరీలు ఏ రోజూ ఆగకూడదు, ఆదివారపు ఆరాధన అలవాటు కూడా పోవాలి అన్నది వారి తలంపు. కార్మికులను అయిదు గుంపులు చేసి, గుంపుకొక రంగు ఇచ్చారు. నాలుగు రోజులు పని, అయిదవ రోజు సెలవు. లెక్కకు ఇది ఎక్కువ సెలవే! కాని భర్తకు ఒక రంగు, భార్యకు మరొక రంగు. సెలవు దొరికిన రోజున ఇంట్లో మాట్లాడే మనిషి లేడు. మరమ్మతుకు వ్యవధి లేక యంత్రములు సైతము పాడయ్యాయి. 1931లో అందరికీ ఒకే సెలవుతో ఆరు రోజుల వారము పెట్టారు. చివరకు 1940 జూన్‌లో ఏడు రోజుల వారము, ఆదివారము తిరిగి వచ్చాయి.

ఫరో కూడా ఇంతే. ఆరాధనకు సెలవడిగిన ఇశ్రాయేలీయులను సోమరులన్నాడు. గడ్డి ఇవ్వడం మానేశాడు గాని ఇటుకల లెక్క తగ్గించలేదు (నిర్గమకాండము 5). అందుకే ద్వితీయోపదేశకాండము 5:14-15లో, మీరు ఐగుప్తులో దాసులుగా ఉన్న సంగతి మరువవద్దని చెప్పి దేవుడు విశ్రాంతి దినమును ఆజ్ఞాపించాడు. దాసునికి, దాసికి, ఎద్దుకు కూడా అందులో పాలున్నది. విశ్రాంతి సోమరితనము కాదు, విడుదల పొందినవారి గురుతు.

మన దేశములోను అది ఊరకే రాలేదు. బొంబాయి మిల్లు కార్మికుల కొరకు ఫూలే అనుచరుడైన నారాయణ్ మేఘాజీ లోఖండే 1884 నుండి పోరాడితే, 1890లో ఆదివారపు సెలవు దొరికింది.

ఒక మాట ఒప్పుకోవాలి. ఒక శనివారము విశ్రాంతి దినము మీద ప్రసంగము సిద్ధపరచుకుంటున్నాను. అంట్లు తోముతున్న పనిమనిషిని, "అమ్మా, నీకు సెలవెప్పుడు?" అని అడిగాను. "మాకు సెలవేంటి అయ్యగారూ?" అంది నవ్వుతూ. ఆ నవ్వు నన్ను గద్దించింది. ఆ వారము నుండి జీతము కోయకుండా ఆమెకు ఆదివారము సెలవు ఇచ్చాము. మా అంట్లు మేమే తోముకుంటున్నాము.

భోజనానికైనా తీరిక లేని శిష్యులను కొంచెము అలసట తీర్చుకొనుడని ప్రభువే పిలిచాడు (మార్కు 6:31). ఈ ఆదివారము ఆరాధన తరువాత ఒక గంట ఫోను పక్కన పెట్టి, ఇంటిల్లిపాది ఊరకే కూర్చోండి. మీ యింట పనిచేసేవారికి కూడా ఆ రోజు విడిచిపెట్టండి.

విశ్రాంతినిచ్చు ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.