పగార్ నాటి బజారు

కొడుకా, ఆ ఫోను జర అవతల పెట్టి కూసో. నేను రేపటిదాక ఉంటనో లేనో. భయపడకు, ఉంటనే. ఈ మాటంటె గని మీరు కుదురుగ కూసోరు.

మొన్న అడిగితివి గద, "తాతా, మన వరంగల్ ఎన్నడన్న కార్ఖానాల ఊరా?" అని. మడికొండల ఏసీ గదిల కంప్యూటర్ ముందట కూసునెటోనికి ఆ అనుమానం రావాల్సిందే. ఇది కార్ఖానాల ఊరే బిడ్డా. ఆజంజాహి మిల్లు అంటె హైదరాబాద్ రాజ్యం మొత్తం పేరు. ఉస్మాన్ అలీ ఖాన్ 1934ల పెట్టించి, పెద్ద కొడుకు ఆజం జా పేరు పెట్టిండు. చుట్టుముట్టు పత్తి పండె నేల. ఆ పత్తి ఈడనే నూలయ్యేది, ఆ నూలు ఈడనే బట్టయ్యేది.

ఆ మిల్లు తొవ్వల్నె మా నాయిన కిరాణం దుకాణం పెట్టిండు. అప్పుడు పైసలు రెండు తీర్లు. మన నిజాం రూపాయి హాలీ, ఇంగ్లీషోని రూపాయి కల్దార్. ఆరు కల్దార్ రూపాయలకు ఏడు హాలీ రూపాయలు. బయటి సరుకు కల్దార్ లెక్కన కొనాలె, ఈడ హాలీకి అమ్మాలె. మా నాయిన ఈ లెక్కంత వేలికణుపుల మీద చేసెటోడు. నువ్వేమో ముగ్గురు దోస్తులు బిర్యానీ తింటె బిల్లు పంచుకునుటానికి ఫోను తీస్తవు.

మిల్లు మూడు షిఫ్టులు నడిచేది. సైరన్ మోగితె మిల్లుల పనిచేసెటోళ్లే కాదు, ఊరంత లేచేది. మా ఇంట్ల గడియారమే లేదు. సైరన్‌కు మా అమ్మ ఎసరు పెట్టేది. షిఫ్టు విడిచినంక గేటు కాడ చూడాలె నువ్వు. కనుబొమ్మల మీద, మీసాల మీద, చెవుల మీద దూది పింజలు. ఇరవై ఏండ్ల పిలగాడు సుత తెల్లబడ్డ ముసలోని లెక్క బయటికి వచ్చేటోడు. పొద్దంత సాంచెల మోతల ఉండి వచ్చేటోళ్లు, బీడికట్ట అడిగినా ఒర్రుడే. కొత్తగ ఊరికి వచ్చినోళ్లు మా దుకాణం కాడ దినాం కొట్లాట అయితుందనుకునెటోళ్లు.

చాయ పదిహేను పైసలున్న రోజులవి. ఒక్క చాయను ఇద్దరు పంచుకుని గంటసేపు యూనియన్ ముచ్చట పెట్టేటోళ్లు. హోటలోడు లెవ్వమనకపోయేది, లెవ్వమంటె మర్యాద కాదు. ఇప్పుడు మీరు రెండు వందలు పెట్టి కాఫీ తాగి, అదే గంటసేపు ఒకరి మొకం ఒకరు చూసుకోకుంట కూసుంటరు. సరే తియ్, చాయకాడ కూసుంటె మన ముచ్చట ముంగటికి పోదు.

అసలు సంగతి పగార్ నాటిది. మా నాయిన తర్వాత నేను నడిపిన ఆ దుకాణంల ఎర్రబట్ట అట్ట వేసిన ఉద్దెర బుక్కు ఉండేది. నెలంత ఉప్పు, పప్పు, గ్యాస్‌నూనె అందుల ఎక్కేది. పగార్ నాడు గేటు కాడ ఒక దిక్కు ఆడోళ్లు నిలబడేటోళ్లు, ఇంకో దిక్కు కల్లు కంపౌండు తొవ్వ. పగార్ ఏ దిక్కు పోతదో ఆ నిమిషంల తేలిపోవాలె. ఆడోళ్లే గెలిస్తె పొద్దూకంగ నా బుక్కుల పద్దులు కొట్టేసుడు. నేను ఆ పైసలు గల్లల పెట్టుకుంటనా? తెల్లారి ధాన్యం సేటుకు, సేటు రైతుకు. బట్టలు కుట్టె మిషినాయన, సైకిలు దుకాణపాయన, రిక్షా ఆయన, సినిమా టాకీసు, అందరు ఆ పగార్ మీదనే బతికిరి. పిల్లనిచ్చెటోళ్లు జాతకం కంటె ముందు అడిగేది ఒక్కటే: "పిలగాడు పర్మనెంటా, బదిలీనా?"

ఇగ మన తెలివి విను. టెర్లిన్ అంగీలు వచ్చినయి. నలగది, ఇస్త్రీ అక్కర లేదు. నూలు బట్ట నేసెటోడే పండుగకు టెర్లిన్ కుట్టించుకునుడు మొదలువెట్టిండు. నేను తక్కువ తిన్ననా? వరంగల్ ఎండల, నడి ఎండకాలం, పెండ్లికి టెర్లిన్ అంగీ తొడిగిన. తలువాలనాటికి నీళ్లల్ల ముంచి తీసినట్టున్న. మీ నాయనమ్మ ఇప్పటికి యాది చేస్తది. నూలు మిల్లు ఊర్ల ఏకై వచ్చిన టెర్లిన్ మేకై కూసుంది.

అదొక్కటే కాదు. మిషిన్లు పాతబడ్డయి, కొత్తయి తెచ్చుటానికి ఎవలకు మనసు రాలె. బట్ట మాత్రం సస్తగ, మస్తుగ రావాలె. కూడు కుండల ఉండాలె, బిడ్డ గుండోలె ఉండాలె అంటె కుదురుతదా? బయట పవర్‌లూములు తక్కువ ధరకు నేసుడు పెట్టినయి. దేశంల గిసొంటి ఖాయిలా పడ్డ మిల్లులను 1974ల సర్కారు తీసుకుంది, మనదాన్ని సుత జాతీయ జౌళి సంస్థ కిందికి తెచ్చింది. ఇంకొన్నేండ్లు ఈడ్చింది. ఆఖరుకు 2002ల వీఆర్‌ఎస్ ఇచ్చి మూసేసిండ్రు.

వీఆర్‌ఎస్ పైసలు చేతికి వచ్చినయి. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నరు గద, మనోళ్లు రెండు ఒక్కపారే చేసి చూసిండ్రు. మిగిలినోళ్లు ఆటోలు కొన్నరు. సడక్ మీద ఎక్కెటోళ్ల కంటె తోలెటోళ్లు ఎక్కువైరి. కూసుండి తింటె కొండలు సుత కరుగుతయి. నా ఉద్దెర బుక్కుల పద్దులు ఎక్కుడే గని కొట్టేసుడు లేకపాయె. ముందుగాల దుకాణం ఎత్తేసింది ఎవలనుకున్నవు? మిషినాయన. ఆయన మిల్లు గేటు లోపట ఎన్నడు కాలు పెట్టినోడు కాదు.

అటెన్క మన ఎనుమాముల మార్కెట్ల పత్తి ఎన్నడు ఆగలె. కని బేళ్లు తమిళనాడు దిక్కు పోయినయి, నేసెటోళ్లు సూరత్, భీవండి, షోలాపూర్ దిక్కు పోయిండ్రు. పత్తి ఒక రైలు, మనిషి ఒక రైలు. మిల్లు భూముల్ల ప్లాట్లు పడి "ఓ సిటీ" అని పేరొచ్చింది. కాజీపేటకు వస్తదన్న రైలు కోచ్ ఫ్యాక్టరీ ముచ్చట తియ్యకు, అదొక రామాయణం. 1980లల్ల అది పంజాబ్‌ల కపుర్తలాకు పోయింది, మనకు ఎలచ్చన్లప్పుడు యాది చేసుకునుటానికి మిగిలింది.

ఇగ ఊరు మళ్ల లేవాలంటున్నరు. మంచిదే. గీసుగొండ, సంగెం దిక్కు కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017ల రాయి వేసిండ్రు. సూరత్‌ల ఉన్నోళ్లు వాపస్ రావాలె అన్నరు. 2023ల కేంద్రం పీఎం మిత్ర పార్కుల జాబితాల మన వరంగల్‌ను సుత చేర్చింది. పిల్లల బట్టలు కుట్టె కిటెక్స్ కేరళ నుంచి వచ్చింది, కొరియా యంగ్‌వన్ వచ్చింది. గణేశా ఎకోస్ఫియర్ అని ఇంకొకటి, తాగి పారేసిన ప్లాస్టిక్ బుడ్లను కరిగించి దారం తీస్తది. ఆ దారం ఏందో తెలుసా? మల్ల నా పెండ్లి అంగీ బాపతే, పాలిస్టరు! కాజీపేటల రైలు వ్యాగన్ల కార్ఖానాకు 2023ల పునాది పడ్డది. నీ మడికొండకు 2020ల సైయెంట్, టెక్ మహీంద్రా వచ్చినయి.

నాకు సదువు లేదు గని యాభై ఏండ్లు ఉద్దెర బుక్కు రాసిన. దాంట్ల తెలిసింది చెప్త. ఒక్క గేటును నమ్ముకున్న ఊరు ఆ గేటుతోనే మూతపడ్డది. గందుకే మిల్లు, వ్యాగను, కంప్యూటరు, మన ఎన్‌ఐటీ సదువులు అన్ని ఉండనీ. పత్తి కూడ ఈడనే దారమై, ఈడనే బట్టై, ఈడనే అంగీ కావాలె. నడుమ ఏ మెట్టు కాడ బేలు బయటికి పోయినా, ఆ పైమెట్ల పగార్లన్ని దాని ఎంబడే పోతయి. ఇంకోటి, సూరత్‌ల ఉన్నోడు వాపస్ రావాలంటె పార్కు కమాను చూసి రాడు. పెండ్లాం పిల్లలతోటి కిరాయి కట్టుకుని, పండుగకు ఇద్దరిని పిలిచి తినవెట్టెటంత పగార్ ఉంటెనే వస్తడు. అంతకు తక్కువైతె ఉన్నోడు సుత రైలెక్కుతడు.

పెద్ద పెద్ద పనులు సర్కారు చూసుకుంటది, నీ వంతు ఒకటున్నది. మన కొత్తవాడల జంపఖానాలు నేసెటోళ్లు ఇంకా ఉన్నరు. 1851ల లండన్ ప్రదర్శనకు ఓరుగల్లు తివాచీలు పోయినయి. ఇప్పటి జంపఖానాలకు 2018ల జీఐ గుర్తింపు సుత వచ్చింది. వచ్చె నెల పగార్ పడంగనే పోయి ఒకటి కొనుక్కరా. ఫోన్ల ఆర్డరు పెట్టకు, నడిచి పో. బేరం చెయ్యి, చెయ్యకుంటె వాళ్లే నవ్వుతరు. కని మరీ గీసి గీసి చెయ్యకు. నేసినాయన సుత ఈ ఊర్లనే బియ్యం కొనాలె గద.